మొహమాటం మీద అప్పు

మా అన్నయ్య అబ్బులుకి ఏ బ్యాంకూ కారు లోను ఇవ్వకపోవడానికి కారణం ఒక ఫోను. ఆ ఫోనుని అన్నయ్య ఒక్కసారి కూడా చెవి దగ్గర పెట్టుకోలేదు.

ఆరేళ్ళ కిందట తనతోపాటు టాక్సీ తోలే స్నేహితుడొకడు వచ్చి, "ఒరేయ్ అబ్బులూ, నా పేరు మీద ఫోను వాయిదాల్లో ఇవ్వనంటున్నార్రా, నీ ఆధార్ కార్డు ఓసారి ఇయ్యి" అన్నాడు. అన్నయ్య కార్డు ఇచ్చాడు, చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. స్నేహితుడు మూడు వాయిదాలు కట్టి, ఫోను జేబులో వేసుకుని మస్కట్ విమానం ఎక్కేశాడు. మిగిలిన తొమ్మిది వాయిదాలు అన్నయ్య పేరు మీద ఎగ్గొట్టినట్టు పడ్డాయి. ఆ సంగతి అన్నయ్యకి తెలిసింది బ్యాంకు మేనేజరు కంప్యూటర్ తెర ఇటు తిప్పి చూపించినప్పుడే. క్రెడిట్ స్కోరు ఐదువందల పదకొండు.

"ఇవ్వనని ఒక్క మాట అనలేకపోయావా అన్నయ్యా?" అని అరిచాను.

"ఎదురుగా నిలబడి అడిగితే ఎలా కాదంటామే వేణీ?" అన్నాడు. తన సంజాయిషీ అంతే.

నా పేరు వీరవేణి. మాది కాకినాడ జగన్నాథపురం. నాన్న పోయాక నన్ను ఇంజనీరింగ్ దాకా చదివించింది ఈ మొహమాటస్థుడే. ఇరవై రెండేళ్ళుగా పరాయివాళ్ళ కార్లు తోలుతున్నాడు. సొంత కారు ఉండాలన్నది తనకున్న ఒకే ఒక్క కోరిక. దానికోసం నాలుగు బ్యాంకులు తిరిగాడు. అందరూ కూర్చోబెట్టి మర్యాదగా మాట్లాడి, స్కోరు చూడగానే మొహాలు మార్చేశారు. ప్రైవేటు ఫైనాన్సు వాళ్ళు కారు ధరలో సగం ముందే కట్టమన్నారు, ఇద్దరు ఉద్యోగస్థుల చేత హామీ సంతకాలు పెట్టించుకురమ్మన్నారు. ఎవరినీ అడగడం చేతకాని మనిషి హామీలెక్కడ తెస్తాడు? ఇంటికొచ్చి, "పోన్లేవే, ఆ రంగు కారు నాకు నచ్చలేదు" అని నవ్వేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అప్పటికి నేను ఒక చిన్న ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళ కోసం మేమొక గొంతుపట్టీ తయారుచేస్తున్నాం. మనిషి పలకబోయే ముందు గొంతులోని కండరాలు ఆ మాటకి సిద్ధమవుతాయి. శబ్దం బయటికి రాకపోయినా ఆ కదలిక ఉంటుంది. పట్టీ దాన్ని పసిగట్టి తెరమీద అక్షరాల్లో చూపిస్తుంది. ఎనిమిది నెలలుగా నోరు విప్పని ఒక మాస్టారికి మొదటిసారి కట్టినప్పుడు, తెరమీద "కాఫీలో పంచదార లేదు" అని వచ్చింది. వాళ్ళావిడ కుర్చీలో కూలబడి ఏడ్చింది. అలాంటి రోజున నా ఉద్యోగం కన్నా గొప్ప ఉద్యోగం లోకంలో లేదనుకునేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం అన్నయ్య నాకు క్యారేజీ తెచ్చాడు. ఆరోగ్యంగా ఉన్న గొంతు ఒకటి పరీక్షకి కావలసొచ్చి, తన మెడకే పట్టీ కట్టాను. మా అటెండరు గవర్రాజు, అరవైకి దగ్గరపడ్డ మనిషి, అన్నయ్యని చూడగానే, "అబ్బులుగారూ, ఆదివారం మా చుట్టాల్ని అన్నవరం తీసుకెళ్ళాలండి. కారు ఉంది, డీజిలు నేను కొట్టిస్తాను, మీరొక్కరూ వస్తే చాలు" అన్నాడు. అన్నయ్యకి వారంలో సెలవు ఆ ఒక్క ఆదివారమే.

తెరమీద "కుదరదు" అని పడింది. వెంటనే మళ్ళీ "కుదరదు" అని పడింది. నోరు మాత్రం, "దానికేముందండి, ఆరింటికల్లా వచ్చేస్తాను" అంది.

పట్టీ పాడైందేమోననుకున్నాను. ఈసారి నేనే, "అన్నయ్యా, ఐదొందలుంటే ఇవ్వు" అన్నాను. తెరమీద "లేవు". నోటితో "సాయంత్రం ఇస్తానే." కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాను. పట్టీ ఏమీ పాడవలేదు. గొంతుదాకా వచ్చి, మళ్ళీ కిందికి దిగిపోయిన మాటని కూడా అది పట్టేస్తోంది. ఆ వారంలో మా భవనంలో ఉన్న పదహారు మందికీ కట్టి చూశాను. అందరూ మింగుతున్నారు, కొందరు తక్కువ, కొందరు ఎక్కువ. ఎంత మింగుతున్నారో లెక్క కట్టడానికి వందకి ఒక కొలత పెట్టాను. అన్నయ్యది తొంభైఆరు. రెండోవాడికి డెబ్బై దాటలేదు.

ఈ లెక్కలున్న కాగితాలు చూసి మా యజమాని చక్రధర్‌గారు స్వయంగా వచ్చారు. ప్రయోగశాలకి పెట్టుబడి ఆయనదే. అసలు వ్యాపారం తోడునీడ ఫైనాన్స్, కార్లకీ ఆటోలకీ అప్పులివ్వడం. భాగస్తులు లేరు, మొత్తం ఆయనొక్కరిదే. పట్టీ తన మెడకి కట్టించుకుని, "ఎవరైనా నన్నేదైనా అడగండి" అన్నారు. గవర్రాజు ఇదే సందనుకుని, కూతురి కాలేజీ ఫీజుకి అడ్వాన్సు కావాలని అడిగాడు.

"కుదరదు" అన్నారు చక్రధర్‌గారు. తెరమీద కూడా సరిగ్గా అప్పుడే "కుదరదు" అని పడింది. మింగినది సున్నా.

"చూశావా అమ్మా, నా గొంతులో ఏదీ ఆగదు. అందుకే నేను అప్పిచ్చేవాణ్ణయ్యాను" అని నవ్వారు. తర్వాత అన్నయ్య కాగితం తీసి చాలాసేపు చూశారు. "ఈ తొంభైఆరు ఎవరు?"

"మా అన్నయ్యండి. స్కోరు బాగాలేదని ఏ బ్యాంకూ కారు లోనివ్వలేదు."

"బుద్ధిలేని వాళ్ళు. ఇలాంటివాడు అన్నం మానేసైనా వాయిదా కడతాడు. అడిగితే కాదనలేనివాడి కంటే మంచి బాకీదారు ఎక్కడ దొరుకుతాడమ్మా? రేపు పంపించు."

ఆ మాటకి నేను పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మర్నాడు తోడునీడ ఆఫీసులో అన్నయ్య మెడకి పట్టీ కట్టి పన్నెండు ప్రశ్నలడిగారు. "మీ చెప్పులు మాకిచ్చి వెళ్తారా?" అన్నది కూడా అందులో ఒకటి. అన్నయ్య నిజంగానే విప్పబోయాడట. హామీలడగలేదు, జీతం కాగితాలడగలేదు, స్కోరు ఊసే ఎత్తలేదు. వారం తిరిగేసరికి తెల్ల కారు మా సందులోకొచ్చింది. అరవై నెలలు, నెలకి పద్నాలుగువేల రెండొందలు, ప్రతి నెలా ఐదో తారీకు. అన్నయ్య కారు చుట్టూ తిరుగుతూ అద్దంలో తన మొహం తానే చూసుకున్నాడు. "ఇంత మంచి కంపెనీ ఎక్కడుందే! నన్ను నమ్మారు" అన్నాడు. ఆ సంతోషం చూసి మా వదిన లోవలక్ష్మి వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకుంది.

అలా ఏడాదిలో, ఎవరూ అప్పివ్వని మూడువందల పదకొండు మంది తోడునీడలో కార్లు కొన్నారు. అందరూ అన్నయ్య లాంటి గొంతుల వాళ్ళే.

ఆ మధ్యలోనే చక్రధర్‌గారు నాకొక పని చెప్పారు. పక్షవాతం రోగుల కోసం మేము మెడ వెనక పెట్టే చిన్న సర్క్యూట్ బోర్డొకటి చేశాం. అది చీమ కుట్టినంత కూడా తెలియని కరెంటు పంపి, గొంతులో ఇరుక్కున్న మాట పైకి రావడానికి సాయం చేస్తుంది. "దాన్ని తిరగేసి చెయ్యగలవా అమ్మా? డ్రైవర్లు రోడ్లమీద బూతులు తిట్టుకుని గుద్దుకుంటున్నారు. నోటిదాకా వచ్చిన మాట కిందికి దిగిపోతే ప్రమాదాలు తగ్గుతాయి కదా" అన్నారు.

మూడు వారాల్లో చేసిచ్చాను. ఎవరి కార్లలో పెడతారని అడగలేదు. నా జీతం పెరిగింది. పెరిగిన జీతం చేతిలో ఉన్నప్పుడు అడగాలని కూడా తోచలేదు. ఈ కథలో నేను తిట్టేవాళ్ళ వరసలో నా పేరు కూడా ఉంది.

ఉచిత సర్వీసు అని చెప్పి తోడునీడ వాళ్ళు కార్లన్నీ ఒకసారి షెడ్డుకి పిలిపించుకున్నారు. ఆ తర్వాత రెండు నెలలకి వదిన నా దగ్గరికొచ్చింది.

"మీ అన్నయ్య వరస ఏం బాలేదమ్మాయ్" అంది. "రాజమండ్రి బేరం పూర్తిగా తోలి, ఆళ్ళు సగం చేతిలో పెడితే పుచ్చుకుని వచ్చేశారు. మొన్న పక్కింటాయన కారడిగితే తాళాలిచ్చేసి, తను బస్సులో వచ్చారు. ఒకటో తారీకు రాకుండానే వాయిదా డబ్బులు కవర్లో పెట్టేస్తున్నారు. ఇంట్లో బియ్యం ఉన్నాయా లేవా అని చూడ్డం లేదు. పైగా గుండెల్లో పట్టేసినట్టుంటందంట. ఆసుపత్రికి పదండంటే, ఇంత చిన్నదానికి డాక్టరుగారిని ఇబ్బంది పెట్టడమెందుకంటారు!"

నేను నవ్వాను. "అన్నయ్య ఎప్పుడైనా ఎవరినైనా కాదన్నాడా వదినా? పుట్టుకతో వచ్చిన గుణం. నేను మాట్లాడతాలే" అన్నాను. మాట్లాడాను కూడా, ఫోనులో, రెండు నిమిషాలు. అన్నయ్య "అలాగేనే, తప్పకుండా చూపించుకుంటాను" అన్నాడు. అడిగినదానికల్లా అలాగేనంటాడని తెలిసి కూడా నమ్మాను.

ఆ నెల నాలుగో తారీకు శనివారం. మర్నాడు ఐదు, ఆదివారం, ఆఫీసుకి సెలవు. పొద్దున్న పదింటికి అన్నయ్యకి చెమటలు పట్టి ఎడమ చెయ్యి లాగడం మొదలైంది. వదిన బలవంతాన ఆటో ఎక్కించింది. ఆసుపత్రి ఇంకా అరకిలోమీటరు ఉందనగా అన్నయ్య ఆటో ఆపించాడు.

"ఇక్కడే కదా తోడునీడ. కట్టేసొస్తాను, రెండు నిమిషాలు. రేపు సెలవు, ఎల్లుండి ఆళ్ళ చేత అడిగించుకోవడం బాగుండదు" అని దిగాడు. వదిన వద్దని చెయ్యి పట్టుకుంటే, నవ్వి, మెల్లిగా విడిపించుకున్నాడు.

లోపల ఏం జరిగిందో క్యాషియరు నాకు తర్వాత చెప్పాడు. అన్నయ్య కిటికీ దగ్గరికి చేరేసరికి వెనకనుంచి ఒకాయన, "కొంచెం తొందరండి, ముందు నేను కట్టొచ్చా?" అన్నాడు. "మీరు కానివ్వండి, నాకేం తొందర లేదు" అని అన్నయ్య పక్కకి జరిగాడు. తర్వాత ఇంకొకావిడ అడిగింది. ఆవిడకీ జరిగాడు. ఆవిడ రశీదు తీసుకుని వెనక్కి తిరిగేసరికి అన్నయ్య గోడవార కుర్చీలో తల వాల్చేసి ఉన్నాడు.

పది నిమిషాలు ముందు తీసుకొచ్చి ఉంటే బతికేవాడన్నాడు డాక్టరు. ఇద్దరు మనుషులకి దారిచ్చిన పది నిమిషాలు.

మీకింకో సంగతి చెప్పాలి. అన్నయ్యని బయటికి మోస్తున్నప్పుడు, ఆ చేతిలో ఉన్న కవరు బ్రాంచి మేనేజరు తీసుకున్నాడు. డబ్బు లెక్కపెట్టి జమ చేసి, రశీదు తెచ్చి వదిన చేతిలో పెట్టాడు. వదినకి ఆ కాగితమేమిటో కూడా అప్పుడు తెలియలేదు.

పెద్దకార్యం రోజున చక్రధర్‌గారు పూలదండ పట్టుకుని వచ్చారు. వెనకే ఇద్దరు మనుషులు ఫ్లెక్సీ మోసుకొచ్చి మా సందు మొదట్లో కట్టారు. అన్నయ్య నవ్వుతున్న ఫోటో. దానికింద "ఆఖరి క్షణం వరకూ మాట తప్పని మా అబ్బులుగారికి తోడునీడ కుటుంబం నివాళి" అని, ఇంకా కిందికి "స్కోరు లేకపోయినా కారు మీదే, నేడే సంప్రదించండి" అని ఒక ఫోను నంబరు. భోజనాల్లో కూర్చున్నవాళ్ళు విస్తళ్ళ ముందు తలలు తిప్పి మరీ చదివారు.

"కస్టమరంటే ఇలా ఉండాలమ్మా" అని నా భుజం తట్టారాయన. నేను చేతులు జోడించాను.

రెండు వాయిదాలు ఆగగానే కారు పట్టుకుపోవడానికి మనుషులొచ్చారు. తీసుకుపోయే ముందు అన్నయ్య సామాను తీసుకుంటానని గంట గడువడిగాను. తువ్వాలు, అగరబత్తీల పెట్టె, అరిగిపోయిన దువ్వెన. డ్రైవరు సీటు మీది తల ఆనించే దిండు సర్దుతుంటే లోపల ఏదో గట్టిగా తగిలింది. కుట్లు విప్పి చూశాను. ఆకుపచ్చ బోర్డు. దానిమీద టంకం చుక్కలు చూడగానే పోల్చుకున్నాను, అవి నా చేత్తో వేసినవే. కరెంటు పెంచే మరని ఆఖరి గీతదాకా తిప్పిపెట్టారు. రోజూ గంటల తరబడి దానికి ఆని కూర్చున్న గొంతు, కారు దిగాక కూడా మాటని కిందికే నెడుతుంది.

అంటే, పుట్టుకతో వచ్చిన గుణమని నేను నవ్విన గుణం సగమే అన్నయ్యది. మిగతా సగం నేను చేసిచ్చింది. "కుదరదండి, గుండెల్లో నొప్పిగా ఉంది" అన్న మాట ఆ క్యూలో అన్నయ్య గొంతుదాకా వచ్చే ఉంటుంది. వచ్చినదాన్ని కిందికి నెట్టేసింది నా బోర్డు.

వకీలుకి ఒప్పందం చూపించాను. పదిహేడో పేజీలో "వాహనంలో అమర్చు సౌకర్య పరికరములకు నా సమ్మతి కలదు" అని ఉంది. కింద అన్నయ్య సంతకం. వకీలు పెదవి విరిచాడు.

ఇక నేను అరవలేదు, ఏడవలేదు, ఉద్యోగం మానలేదు. రోజూ నవ్వుతూ వెళ్ళి నవ్వుతూ వచ్చాను. చక్రధర్‌గారికి చాలాకాలంగా మెడనొప్పి. ఇల్లు రాజమండ్రిలో, ఆఫీసు కాకినాడలో, రోజూ రానూపోనూ నాలుగు గంటలు కారు వెనక సీట్లో గడుపుతారు.

"సార్, నొప్పి తగ్గడానికి మెడకి ఆనేలా ఒక బోర్డు చేశానండి. మీ సీట్లో పెట్టమంటారా?" అని అడిగాను.

"ఎంతవుతుంది?"

"మీకు ఊరికేనండి."

"అయితే పెట్టెయ్యమ్మా."

ఊరికే వచ్చేదాన్ని ఆయన వదిలింది ఎప్పుడు? అన్నయ్య సీట్లో ఉన్నదానికి మూడురెట్లు బలంగా చేశాను.

రెండు వారాలు ఏమీ కాలేదు. అసలు మింగడమే తెలియని గొంతు మీద ఇది పనిచెయ్యదేమోనని భయపడ్డాను. మూడో వారం గవర్రాజు మిఠాయి పొట్లం పట్టుకొచ్చాడు. "అమ్మాయిగారూ, విచిత్రమండి! పాప ఫీజు సంగతి ఊరికే అలా అన్నానండి, అంతే. మొత్తం కట్టేస్తానన్నారండి" అన్నాడు. నేను ఆ మిఠాయి రెండు తిన్నాను.

తర్వాత ఊరంతా పాకింది. వేలువిడిచిన బావమరిది వచ్చి స్థలం అడిగితే రాసిచ్చారట. మూడు పార్టీల వాళ్ళు చందాలకొస్తే మూడింటికీ ఇచ్చారట. పెళ్ళికి పిలిచినవాళ్ళందరి ఇళ్ళకీ వెళ్ళి, ఒకేరోజు నాలుగు చోట్ల భోంచేసి వాంతి చేసుకున్నారట. ఒక్కొక్క కబురూ నాకు పండగ.

కానీ ఆయన్ని దోచుకుంటున్నవాళ్ళు దోచుకోవడం అలవాటైనవాళ్ళే. అది నాకు చాలదనిపించింది. ఆ మూడువందల పదకొండు మందికి వాళ్ళది వాళ్ళకి రావాలి. బాకీదార్ల నంబర్లు సంపాదించి, ముందు ఇరవై మందిని పిలిచి చెప్పాను. "చక్రధర్‌గారి ఇంటికెళ్ళి, నా అప్పు కొట్టెయ్యండి అని ఒక్క మాట అడగండి. కాదనరు. పూచీ నాది."

ఆదివారం ఇరవై మందీ వెళ్ళారు. నేను వీధి చివర అద్దె కారులో కూర్చున్నాను. గంట తర్వాత బయటికొచ్చారు, చెమటలు తుడుచుకుంటూ.

"ఏమైంది? అడిగారా?"

పిఠాపురం నుంచి వచ్చిన ఒకాయన నేలచూపులు చూశాడు. "ఎలా అడుగుతామండీ? పాపం, ఆయనే ఎదురొచ్చి కూర్చోబెట్టారు. ఏం పనిమీద వచ్చారండి అన్నారు. అబ్బే, ఏం లేదండి, ఇటుగా వెళ్తూ పలకరించి పోదామని వచ్చామండి అన్నాం. కాఫీ తాగమన్నారు. ఇప్పుడే తాగామండి అన్నాం. ఆయనా మొహమాటపడిపోతున్నారు, మేమూ పడిపోతున్నాం. ఇంక లేచొచ్చేశామండి."

"ఒక్కరు కూడా అడగలేదా?"

"లేదండి. ఈయనైతే వచ్చే నెల వాయిదా కూడా ఇచ్చేసొచ్చాడండి, ఉత్త చేతుల్తో వెళ్ళడం బాగోదని."

నా బుద్ధి గడ్డి తిందని అప్పుడర్థమైంది. ఆయన గొంతు నొక్కితే చాలనుకున్నాను. వీళ్ళ గొంతులు కూడా నేనే నొక్కి ఉంచానన్నది మరిచిపోయాను. కార్లు ముట్టుకుని బోర్డులు తియ్యాలంటే కంపెనీ ఉత్తర్వు కావాలి. ఆ ఉత్తర్వు అడగగలిగిన గొంతు, బోర్డు లేని గొంతు, నాదొక్కటే.

మూడువందల పదకొండు పత్రాలు అచ్చు వేయించాను. ఒక్కొక్కదానిమీదా ఒక్కొక్క పేరు, అప్పు పూర్తిగా తీరిందనీ, కారు వాళ్ళదేననీ. అన్నింటికన్నా పైన లోవలక్ష్మి పేరు మీద అన్నయ్య కారుది. చివర బోర్డులన్నీ పీకెయ్యమనే ఉత్తర్వు. రెండు సంచుల్లో సర్దుకుని ఒకరోజు పొద్దున్నే రాజమండ్రి వెళ్ళాను.

తలుపు తీసింది ఆయన భార్య. "మీరు డాక్టరుగారా అమ్మా? ఈయనకేమైందో ఎవరూ చెప్పడం లేదు. నిన్న ఎవరో వచ్చి అడిగితే మా పుట్టింటివాళ్ళిచ్చిన కొబ్బరితోట కూడా రాసిచ్చేశారు" అంది. ఆవిడ చేతులకి బంగారు గాజులు కూడా లేవు. నాకు జాలేసింది. నిజంగానే వేసింది. అయినా లోపలికే నడిచాను.

చక్రధర్‌గారు సగానికి సగం చిక్కిపోయారు. నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. మునుపెప్పుడూ నాకోసం లేవలేదు.

"సార్, వీటన్నింటి మీదా సంతకాలు కావాలండి" అని ఒక్కొక్కటీ చదివి వినిపించాను. దొంగతనంగా పెట్టించుకోదలచుకోలేదు. ఆయన పెదవులు కదిలాయి, గొంతు కిందికీ పైకీ ఆడింది. తెర లేకుండానే అక్కడేం పడుతుందో నాకు తెలుసు. "అలాగేనమ్మా" అని పెన్ను తీసుకున్నారు. రెండు గంటలు పట్టింది. నూటయాభై దాటాక వేళ్ళు వాచాయి. నేను ఆగమనలేదు, ఆయనా ఆపుతాననలేదు.

చివరి కాగితం సంచిలో పెట్టుకుంటుంటే నెమ్మదిగా అడిగారు. "నా మెడ దగ్గర పెట్టింది అదే కదమ్మా?"

"అవునండి."

"నెల్రోజుల కిందటే అనుకున్నాను."

నేను ఆశ్చర్యపోయాను. "తెలిసి కూడా రోజూ ఆ సీట్లోనే ఎందుకు కూర్చుంటున్నారండి?"

"డ్రైవరు తలుపు తీసి పట్టుకుని నిలబడతాడు కదమ్మా. నేను ముందు కూర్చుంటానంటే చిన్నబుచ్చుకుంటాడేమోనని."

అన్నయ్య నోటినుంచి అచ్చంగా ఇలాంటి మాటే విని నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు రాలేదు.

"అందరివీ తీసేస్తున్నావు కదమ్మా," ఆయన చేతులు ఒకదానిలో ఒకటి నలుపుకున్నారు, "కారు వాకిట్లోనే ఉంది. నాది కూడా తీసెయ్యి తల్లీ. ఇంట్లో ఇంకేమీ మిగల్లేదు. రేపెవరైనా ఈ ఇల్లడిగినా ఇచ్చేస్తాను. నీకు తెలుసు."

తెలుసు. స్క్రూడ్రైవరు నా చేతిసంచిలోనే ఉంది. ఐదు నిమిషాల పని. ఆయన భార్య గుమ్మం దగ్గర నిలబడి నా మొహంలోకే చూస్తోంది. తోడునీడ గోడవార కుర్చీ ఎలా ఉంటుందో నేను ఒకసారి వెళ్ళి చూసొచ్చాను. నీలంరంగు ప్లాస్టిక్ కుర్చీ, వీపు దగ్గర పగులు. ఇప్పటికీ దానిమీద జనం కూర్చుంటున్నారు.

"కుదరదండి" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నారు. గొంతు మళ్ళీ ఆడింది. బతిమాలాలని ఉంది, తిట్టాలని ఉంది, నా చేతిసంచి లాక్కోవాలని కూడా ఉండే ఉంటుంది. ఏదీ పైకి రాలేదు.

"పర్లేదమ్మా, పర్లేదు. నీకెన్ని పనులుంటాయో" అన్నారు. తర్వాత గోడ గడియారం చూసి, "రెండున్నరైంది. భోంచేసి వెళ్ళమ్మా. మొహమాటపడకు" అన్నారు.

వదిన అయితే వద్దనేది. అన్నయ్య అయితే ఇప్పుడే తిన్నానని అబద్ధం చెప్పి, ఖాళీ కడుపుతో కాకినాడ దాకా తోలుకుపోయేవాడు. నేను చేతులు కడుక్కుని పీట మీద కూర్చున్నాను. ఆయన భార్య వడ్డించింది. ఆయన ఎదురుగా కూర్చుని కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే, గేటు దగ్గర ఎవరో "చక్రధర్‌గారున్నారాండీ?" అని పిలిచారు. ఆయన ముద్ద విస్తట్లో వదిలేసి లేచి వెళ్ళారు. నేను వంకాయ కూర మారు అడిగి వేయించుకున్నాను, చారు పోయించుకున్నాను, గడ్డపెరుగు కూడా అడిగి, కడుపునిండా తిన్నాను.